అద్దె ఇంటి గోడలకు నాలుగడుగుల ఎనామెల్

అద్దెకున్నవారు మారినప్పుడల్లా గది మొత్తానికి రంగు వేయించడం నాకు పెద్ద తలనొప్పిగా ఉండేది. గమనిస్తే నూనె మరకలు, చేతి జిడ్డు, పిల్లల గీతలు అన్నీ నేల నుంచి నాలుగడుగుల ఎత్తు లోపే ఉన్నాయి. అందుకే అంతవరకే ఎనామెల్, అంటే తుడవడానికి వీలైన గట్టి రంగు, వేయించాను; పైన మామూలు డిస్టెంపరే, అంటే నీళ్లతో కలిపే చవక రంగే.

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదికి రెండు పూతలకు సుమారు రెండున్నర లీటర్ల ఎనామెల్ పడుతుంది. పాత డిస్టెంపరును గీకి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఒక పూత ప్రైమర్ (రంగు బాగా పట్టేందుకు ముందు వేసే అడుగు పూత) వేయాలి. గీకకుండా వేస్తే పెచ్చులుగా లేస్తుంది. పనివాళ్లు తప్పించుకోవాలని చూసేది ఇక్కడే. రెండు పూతల మధ్య ఒక రోజు ఆరనివ్వండి. బాగా మెరిసే రకం గోడ ఎగుడుదిగుళ్లను ఎత్తి చూపుతుంది, కాబట్టి కొద్దిగా మాత్రమే మెరిసే సాటిన్ రకం తీసుకోండి. లేత బూడిద రంగు మరకలను కాస్త దాస్తుంది. డబ్బా మీది షేడు నంబరును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. ఇల్లు ఖాళీ అయ్యాక సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు.

చెమ్మ ఎక్కే గోడకు మాత్రం వద్దు. స్నానాల గది పక్క గోడకు వేయిస్తే ఒక్క వానాకాలంలోనే బుడగలు లేచాయి. ముందు లీకేజీ సరిచేయించి, గోడ పూర్తిగా ఆరాకే వేయించండి.