కార్ల వంశవృక్షం చదవడం – 3వ పాఠం: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసాన్ని ముందుగా సరిచూసుకుందాం. కాణిపాకంలో వాహన పూజకు వచ్చిన కొత్త కార్లనో, కొండకు వెళ్తూ అలిపిరి తనిఖీ దగ్గర ఆగే కార్లనో గమనించి, పేర్లు వేరైనా ఒకే ప్లాట్‌ఫాం మీద తయారైన మూడు జంటలను రాసుకోమని అడిగాను. ప్లాట్‌ఫాం అంటే కారు అడుగుభాగం, చక్రాలను పట్టి ఉంచే అమరిక, ఇంజిన్ కూర్చునే చోటు కలిసిన పునాది అని రెండో పాఠంలో చెప్పుకున్నాం. హ్యుందాయ్ క్రెటా, తొలి తరం కియా సెల్టోస్ ఒక జంట. మారుతి బలెనో, టయోటా గ్లాంజా రెండో జంట. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ మూడో జంట. మీ నోటుపుస్తకంలో ఈ మూడూ ఉంటే రెండో పాఠం మీకు పట్టుబడినట్టే. మూడో జంటను ఆర్.సి. చూసి కూడా పట్టుకోవచ్చు. ఆ రెండు బ్రాండ్లనూ మన దేశంలో నడిపే సంస్థలు 2019లో విలీనమై స్కోడా ఆటో ఫోక్స్‌వ్యాగన్ ఇండియా అనే ఒకే కంపెనీ అయ్యాయి.

ఇప్పుడు మొదటి రెండు జంటలను పక్కపక్కన పెట్టి చూడండి. 2019 ఒప్పందం ప్రకారం మారుతికి మాతృసంస్థ అయిన సుజుకిలో టయోటా తీసుకున్న వాటా 5 శాతం లోపే. కియాలో హ్యుందాయ్ వాటా దాదాపు మూడో వంతు. వాటా ఎంత పెద్దదైతే కార్ల మధ్య పోలిక అంత ఎక్కువగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కానీ 2019లో వచ్చిన మొదటి గ్లాంజాను బలెనో పక్కన నిలబెడితే ముందు జాలీ, గుర్తు, పేరు మినహా తేడా వెతుక్కోవలసి వస్తుంది. ఆ తొలి తరం సెల్టోస్‌ను క్రెటా పక్కన నిలబెడితే రెండూ ఒకే పునాది మీద లేచాయని, ఇంజిన్లు కూడా ఉమ్మడివేనని తెలియనివారు నమ్మడం కష్టం. కాబట్టి వాటా శాతాన్ని బట్టి బ్రాండు స్వభావాన్ని అంచనా వేస్తే పొరపాటు పడతాం. పేరు ఎవరిది, పునాది ఎవరిది అనే రెండు గడుల పక్కన మీ పట్టికలో మూడో గడి గీయండి. కారు రూపం ఎలా ఉండాలి, స్టీరింగు ఎంత బరువుగా తిరగాలి, ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు దేన్ని వదులుకోవాలి, దేన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు అన్న విషయాల్లో చివరి మాట ఎవరిదో ఆ గడిలో రాయాలి. ఈ పాఠమంతా ఆ గడి నింపడం గురించే.

కియాతో మొదలుపెడదాం. పెనుకొండ దగ్గర తయారయ్యే సెల్టోస్, శ్రీపెరుంబుదూరు వైపు తయారయ్యే క్రెటా మన తిరుపతి రోడ్ల మీద రోజూ కలుసుకుంటూనే ఉంటాయి. 1997లో కియా దివాలా తీసింది. 1998లో హ్యుందాయ్ దాన్ని చేజిక్కించుకుంది. ఆ తరువాత కొన్నేళ్ల పాటు కియాకు చౌక కార్ల కంపెనీ అన్న పేరు తప్ప తనదంటూ ఒక ముఖం లేదు. 2006లో, ఆడీ కార్లకు రూపమిచ్చిన పీటర్ ష్రయర్‌ను కియా ప్రధాన డిజైనరుగా తీసుకున్నారు. 2007లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టిన నమూనా కారు మీద, పైనా కిందా మధ్యలో నొక్కినట్టుండే ముందు జాలీ మొదటిసారి కనిపించింది. పులిముక్కు అని పేరు పడిన ఆ ఆకారమే క్రమంగా కియా కార్ల గుర్తింపు అయింది. ఇంజిన్లు, గేరుబాక్సులు, అడుగుభాగం ఉమ్మడిగా ఉంచుకుని, ముఖాన్ని మాత్రం కియా వాళ్లకే వదిలెయ్యాలని మాతృసంస్థ తీసుకున్న నిర్ణయం ఇక్కడ గమనించవలసిన విషయం. మీ మూడో గడిలో ‘రూపం: కియా, యంత్రం: ఉమ్మడి’ అని రాయండి. గడిలో ఒకే పేరు రాయాలన్న నియమం లేదు, అసలు ఒకే పేరు రాయగలిగే సందర్భాలు అరుదు. 2013లో ష్రయర్‌కే రెండు బ్రాండ్ల రూపకల్పన బాధ్యతనూ అప్పగించారు. కాబట్టి ఆ గడి పక్కన సంవత్సరం కూడా వేసుకోండి.

సంవత్సరం వెయ్యమనడానికి ఇంకో కారణం ఉంది, కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక కారు కాగితం మీది గీత నుంచి షోరూముకు రావడానికి సుమారు నాలుగైదేళ్లు పడుతుంది. కనుక కంపెనీ చేతులు మారిన మొదటి రెండు మూడేళ్లలో వచ్చే కార్లు నిజానికి పాత యజమాని హయాంలో పుట్టినవి: వంట ఒకరిది, వడ్డన మరొకరిది. టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్లను 230 కోట్ల డాలర్లకు కొన్నది 2008లో. 2011లో వచ్చిన రేంజ్ రోవర్ ఎవోక్ గొప్పగా అమ్ముడుపోయినప్పుడు ఆ ఘనతంతా టాటాదేనని మనవాళ్లు సంబరపడ్డారు. దాని నమూనా 2008 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో ఉంది. అప్పటికి యజమాని ఇంకా ఫోర్డే. టాటా చేసిన మేలు వేరే చోట ఉంది: ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చిన ఆ రోజుల్లో కూడా ఆ కారును ఆపకుండా డబ్బు పెట్టి, దాన్ని గీసిన ఇంగ్లండు బృందాన్ని అలాగే కొనసాగనిచ్చింది. యజమాని ఏం చేశాడన్నదానితో పాటు ఏం ముట్టుకోకుండా వదిలాడన్నది కూడా రాసుకోవడం అలవాటు చేసుకోండి.

బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో రాత్రి బస్సులో తిరుపతికి వచ్చేవారికి వోల్వో అంటే ఏసీ బస్సు. ఆ బస్సు, షోరూములో ఉండే వోల్వో కారు ఒకే కంపెనీవి కావు. 1999లో స్వీడన్‌లోని వోల్వో సంస్థ తన కార్ల విభాగాన్ని ఫోర్డ్‌కు 645 కోట్ల డాలర్లకు అమ్మి, బస్సులు, లారీలు తన దగ్గరే ఉంచుకుంది. పేరును మాత్రం రెండూ ఉమ్మడిగా వాడుకుంటున్నాయి. మొదటి పాఠంలో రోల్స్ రాయిస్ కథ చదివినవారికి ఇది వింతగా తోచదు: 1998లో ఫ్యాక్టరీ ఫోక్స్‌వ్యాగన్‌కు, పేరు బి.ఎం.డబ్ల్యూ.కు దక్కిన కథ అది. వోల్వోలో మన మూడో గడికి కావలసింది 1999 తరువాతి చరిత్రలో ఉంది.

మూడు చోట్ల పట్టి ఉండే సీటుబెల్టును 1959లో కార్లలో అమర్చిన కంపెనీ అది. భద్రతే దాని ప్రాణం. ఫోర్డ్ హయాంలో 2004 నాటి ఎస్40 కారు పునాదిని ఫోర్డ్ ఫోకస్‌తో, మాజ్దా 3తో పంచుకుంది. అయినా వోల్వో స్వభావం పోలేదు, ఎందుకంటే ఆ ఉమ్మడి పునాది తయారీలో వోల్వో ఇంజనీర్లకు మాట ఉంది. 2010లో చైనాకు చెందిన కార్ల కంపెనీ గీలీ 180 కోట్ల డాలర్ల ఒప్పందంతో వోల్వోను కొన్నప్పుడు, ఇక వోల్వో పని అయిపోయిందని చాలామంది అన్నారు. గీలీ అధినేత లీ షుఫూ ప్రధాన కార్యాలయాన్ని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి కదపలేదు. సొంత ప్లాట్‌ఫాం, సొంత ఇంజిన్లు తయారుచేసుకోవడానికి పెట్టుబడి దొరికింది. వాటితో 2014లో వచ్చిన ఎక్స్‌సీ90 ఫోర్డ్ కాలపు కార్లకంటే ఎక్కువ స్వీడిష్ కారు అని నా అభిప్రాయం. యజమాని దేశం చూసి కారు స్వభావాన్ని తేల్చేవారికి నేను మొదట చూపించే ఉదాహరణ ఇదే. అయితే ఇటీవలి చిన్న విద్యుత్ కారు ఈఎక్స్30 గీలీ వారి ప్లాట్‌ఫాం మీద కట్టినది. కాబట్టి వోల్వో గడిని పెన్సిలుతోనే రాయండి, ముందుముందు దిద్దవలసి రావచ్చు.

అదే స్వీడన్‌లో సాబ్ అనే మరో కార్ల కంపెనీ కథ వేరేగా ముగిసింది. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ 1990లో సగం వాటా, 2000లో మిగతా సగం తీసుకుంది. సాబ్ కార్లలో ఇగ్నిషన్ తాళం ముందు సీట్ల మధ్య ఉండేది. ప్రమాదంలో తాళం మోకాలికి తగలకుండా ఆలోచించి పెట్టిన ఆ చోటు సాబ్ అభిమానులకు ప్రాణసమానం. జనరల్ మోటార్స్ హయాంలో సుబారు ఇంప్రెజాకు ముఖం మార్చి సాబ్ 9-2ఎక్స్ అని, షెవర్లే ట్రైల్‌బ్లేజర్‌కు ముఖం మార్చి సాబ్ 9-7ఎక్స్ అని అమెరికాలో అమ్మారు. ఆ 9-7ఎక్స్‌లో తాళాన్ని జాగ్రత్తగా సీట్ల మధ్యకు మార్చారు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే వివరం: తాళం చోటు మార్చినవారికి ఆ చోటు వెనక ఉన్న ఆలోచన విధానం అక్కరలేదు, దాని గుర్తు చాలింది. 2011 డిసెంబరులో సాబ్ దివాలా తీసింది. అప్పటికి జనరల్ మోటార్స్ దాన్ని అమ్మేసి రెండేళ్లు కూడా కాలేదు. మూడో గడిలో గుర్తులే మిగిలి, నిర్ణయాలన్నీ బయటివారివే అయిన చోట ‘డొల్ల’ అని రాయండి. ఈ మాటను మనం మిగతా పాఠాలలో కూడా వాడతాం.

మన ఊళ్లోనే ఇలాంటి ఉదాహరణ పదేళ్లకు పైగా తిరిగింది. 2004 తరువాత తిరుపతి రైల్వే స్టేషను దగ్గర ట్యాక్సీల్లో షెవర్లే టవేరా లేని వరుస ఉండేది కాదు. కుటుంబమంతా ఒకే బండిలో కొండెక్కి దిగాలంటే అందరూ దాన్నే అడిగేవారు. బానెట్ మీది బంగారు రంగు గుర్తు జనరల్ మోటార్స్ బ్రాండైన షెవర్లేది, అంటే అమెరికాది. బండి మాత్రం జపాను ఇసుజు వారి పాంథర్. ఇసుజులో జనరల్ మోటార్స్‌కు అప్పట్లో వాటా ఉండేది, 2006లో దాన్ని పూర్తిగా అమ్ముకుంది. అదే షెవర్లే గుర్తుతో వచ్చిన ఆప్ట్రా, స్పార్క్ కార్లు కొరియాలోని దేవూ కంపెనీవి. స్పార్క్ అంతకు ముందు మన దేశంలోనే దేవూ మాటిజ్ పేరుతో తిరిగిన కారుకు తరువాతి తరం. 2013లో వచ్చిన ఎంజాయ్ జనరల్ మోటార్స్‌కు చైనాలో ఉన్న ఉమ్మడి సంస్థలో పుట్టింది. మూడు దేశాల బండ్లకు ఒకే గుర్తు పెట్టినందువల్ల, షెవర్లే కారంటే ఎలా ఉంటుందని అడిగితే మన దేశంలో ఎవరూ ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేని స్థితి ఏర్పడింది. టవేరా మంచి బండి అనేవారు, షెవర్లే మంచిది అన్నవారిని నేను చూడలేదు. 2017 చివర ఆ బ్రాండు భారతదేశం నుంచి వెళ్లిపోయింది. అమ్మకాలు పడిపోవడానికి కారణాలు చాలా ఉండవచ్చు, కానీ గుర్తు వెనక ఒక స్వభావం లేకపోవడం వాటిలో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

తరువాత జరిగింది వంశవృక్షం చదివేవారికి పండగ. టవేరా తయారైన గుజరాత్‌లోని హాలోల్ ఫ్యాక్టరీని చైనాకు చెందిన కార్ల కంపెనీ ఎస్.ఎ.ఐ.సి. కొన్నది, 2019లో అక్కడి నుంచి, ఒకప్పటి ఇంగ్లండు పేరు ఎం.జి. తగిలించుకుని హెక్టార్ వచ్చింది. చైనాలో ఆ కారు బావోజున్ 530. ఇక టవేరాకు అసలు తల్లి అయిన ఇసుజు 2016లో మన శ్రీసిటీలో సొంత పేరుతో ఫ్యాక్టరీ తెరిచింది. శ్రీసిటీ ఉన్న సత్యవేడు ప్రాంతం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. రేణిగుంట రోడ్డు మీద ఇసుజు డి-మాక్స్ వెళ్తుంటే గమనించండి; టవేరాకు పెట్టినట్టు దానికి వేరొకరి గుర్తు పెట్టలేదు.

నిర్ణయం ఎప్పుడూ యజమాని నుంచి కిందికే ప్రవహించదని చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2019 జనవరిలో వచ్చిన టాటా హారియర్ పునాది, ల్యాండ్ రోవర్ డిస్కవరీ స్పోర్ట్ కింద ఉన్న డి8 ప్లాట్‌ఫాం నుంచి మలచినది. కొన్నవారి కారులో కొనబడినవారి విద్య ఉంది.

ఈ వారం అభ్యాసం మారుతి గురించి. వివరాలు నేనే ఇస్తాను, గడులు మీరు నింపండి. 1981లో కేంద్ర ప్రభుత్వం మారుతి ఉద్యోగ్‌ను స్థాపించింది. 1982 ఒప్పందంతో సుజుకి 26 శాతం వాటాతో చేరింది. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 యజమానికి అందింది. అది మొదటి రోజు నుంచీ సుజుకి గీసిన కారే. 1992లో సుజుకి వాటా 50 శాతానికి పెరిగింది, 2002లో సగం దాటింది. 2007లో ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది, అదే ఏడాది కంపెనీ పేరు మారుతి సుజుకి ఇండియాగా మారింది. 1983, 1992, 2007 సంవత్సరాలకు మూడేసి గడులు గీసి, పేరు, పునాది, నిర్ణయం నింపండి. ఆ తరువాత మీ వీధిలో అప్పట్లో మారుతి 800 నడిపిన పెద్దవారిని ఎవరినైనా అడగండి: ఆ కారును వారు ప్రభుత్వం కారు అనుకున్నారా, జపాను కారు అనుకున్నారా, మన కారు అనుకున్నారా? వారి జవాబును వారి మాటల్లోనే నాలుగో గడిగా రాసుకోండి. నాలుగో పాఠం ఆ గడితోనే మొదలవుతుంది.