ఆర్‌సీఎం బడిలో పిల్లలను చేర్చే ముందు, చేర్చిన తర్వాత

గోదావరి డెల్టాలో ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా కాన్వెంటే. రెండు గదుల అద్దె ఇంట్లో నడిచే బడిని కూడా కాన్వెంటనే అంటాము, దాని బోర్డు మీద ఎవరో ఒక సెయింట్ పేరు ఉంటుంది. అందువల్ల ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) బడిలో, అంటే కతోలిక ప్రాథమిక పాఠశాలలో పిల్లలను చేర్చాలనుకునే తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసింది, ఆ బడి నిజంగా ఎవరిదన్న సంగతి. కార్యాలయంలో సూటిగా అడగండి: ఈ బడి ఏ మేత్రాసనం (ఒక బిషప్ పాలన కింది ప్రాంతం) కింద ఉంది, లేదా ఏ సభకు (సన్యాసినుల సంఘానికి) చెందిన సిస్టర్లు నడుపుతున్నారు? నిజమైన కతోలిక బడిలో ఈ ప్రశ్నకు వెంటనే జవాబు వస్తుంది. మా ఇద్దరు పిల్లలూ కోనసీమలో సిస్టర్లు నడిపే ఒక బడిలో అయిదో తరగతి వరకు చదివారు. మేము హిందువులం. ఆ ఏళ్లలో మేము చేసిన పొరపాట్లూ, తోటి తల్లిదండ్రుల నుంచి నేర్చుకున్నవీ కలిపి ఇది రాస్తున్నాను.

ఈ బడులు మన ప్రాంతానికి కొత్తవి కావు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆనెసీ పట్టణం నుంచి సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు 1849లో వచ్చి దిగింది మన యానాంలోనే. అప్పటి నుంచి ఇప్పటి వరకు పెరిగిన బడులన్నీ ఒక్క తీరువి కావు. పల్లెల్లో విచారణ గురువు (ఆ ఊరి చర్చి బాధ్యత చూసే ఫాదర్) ఆధ్వర్యంలో చర్చి ఆవరణలోనే నడిచే ఆర్‌సీఎం ప్రాథమిక పాఠశాలలు ఒక రకం, పట్టణాల్లో సిస్టర్లు నడిపే ఇంగ్లీషు మీడియం బడులు మరొక రకం. మొదటి రకంలో చాలా బడులు ఎయిడెడ్‌గా, అంటే ప్రభుత్వ సాయంతో నడిచినవే. అయితే 2021లో రాష్ట్రంలో ఎయిడెడ్ సంస్థల విషయంలో వచ్చిన మార్పులతో కొన్ని బడుల పరిస్థితి మారింది. తాతగారి కాలంలో ఫీజు లేకుండా చదివిన బడి ఇప్పుడూ అలాగే ఉందనుకోకుండా, ఎయిడ్ ఉందా లేదా, ప్రభుత్వం జీతమిచ్చే ఉపాధ్యాయులు ఎందరున్నారు అని అడగాలి.

బడి చూడడానికి వెళ్లినప్పుడు పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ దగ్గర ఆగిపోకండి. మీ బిడ్డ వెళ్లేది ఒకటో తరగతికి. ఆ గదిలో ఎందరు పిల్లలున్నారో లెక్కపెట్టండి. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్నది విద్యాహక్కు చట్టంలోని కొలత, ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించకపోయినా ఆ కొలతను మనసులో పెట్టుకుని చూస్తే చాలు. ఆ తర్వాత అదే బడిలో రెండో తరగతి చదువుతున్న పిల్లల తల్లిని ఎవరినైనా పరిచయం చేసుకుని, ఆ బిడ్డ తెలుగు నోటు పుస్తకం ఒక్కసారి చూపించమనండి. నేను ఆ పని చేర్చిన ఏడాదికి గానీ చేయలేదు. మా పెద్దమ్మాయి పుస్తకం తెరిచి చూస్తే, పేజీ నిండా ఒత్తులు లేని మాటలే. 'అక్క'కు బదులు 'అక' అనీ, 'పువ్వు'కు బదులు 'పువు' అనీ ఉన్నాయి. వాటి మీద ఎర్ర సిరాతో పెద్ద టిక్కు, కింద 'గుడ్' అన్న మాట. నోటు పుస్తకంలో దిద్దుబాట్లు నిజమైనవైతే ఆ గదిలో చదువు సాగుతున్నట్టే. కేవలం టిక్కులే ఉంటే, భవనం ఎంత శుభ్రంగా ఉన్నా, క్రమశిక్షణ ఎంత బాగున్నా ఇంట్లో మీరు చేయవలసిన పని చాలా ఉంటుందని గ్రహించాలి.

తల్లిదండ్రులు ఎక్కువగా మథనపడేది, తక్కువగా మాట్లాడేది మతం గురించి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. చాలా కతోలిక బడుల్లో ఉదయం అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, పరలోక జపం పిల్లలందరికీ నోటికి వచ్చేస్తుంది. అక్టోబరు జపమాల నెల కాబట్టి ఆ రోజుల్లో ప్రార్థనలు కొంచెం ఎక్కువ. కతోలిక పిల్లలకు సత్యోపదేశం (వారి మతబోధ) తరగతి జరుగుతున్నప్పుడు మిగతా పిల్లలకు నీతిబోధ తరగతి పెట్టడం వాడుక. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో చదివే మైనరు బిడ్డను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మనడానికి వీల్లేదని రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడో ఖండం చెబుతోంది. సమ్మతి ఇస్తారో ఇవ్వరో అది మీ ఇష్టం. ప్రార్థనలో నిలబడడం వల్ల మా పిల్లలకు నష్టమేమీ కలగలేదని మేము భావించాము. మా పక్కింటివారు నీతిబోధ తరగతి మాత్రమే చాలునని చేరిక రోజే కాగితం మీద రాసి ఇచ్చారు. వారి అబ్బాయిని ఆ విషయంలో ఎవరూ ఒక్క మాట అనలేదు. రాసి ఇవ్వడమే మంచి పద్ధతి.

ఆచారాల సంగతి కూడా ఆ రోజే అడిగి తెలుసుకోవాలి. బొట్టు, పూలు, గాజులు, అయ్యప్ప మాలలో ఉన్న పిల్లవాడి నల్ల బట్టలు, వీటిలో దేనికి ఏ నియమం ఉందో బడి బడికీ మారుతుంది. ఆషాఢంలో మా అత్తగారు రుబ్బి పెట్టిన గోరింటాకుతో బడికి వెళ్లిన మా అమ్మాయి, సాయంత్రం గేటు దగ్గర రెండు చేతులూ గౌను జేబుల్లో దాచుకుని బయటికి వచ్చింది. టీచరు తరగతి అందరి ముందు చేతులు చాపమని మందలించారట. నేను ఆ రాత్రంతా కోపంతో ఉండి, మర్నాడు ప్రధానోపాధ్యాయిని సిస్టర్‌గారి దగ్గరకు వెళ్లాను. "అమ్మా, నేను వద్దన్నది గోళ్ల రంగు. గోరింటాకును నేనెప్పుడూ వద్దనలేదు, మా అమ్మ కూడా పెట్టేది" అని ఆవిడ ఆ టీచరును పిలిపించి నా ఎదుటే చెప్పారు. ఆ నియమం మొదటి రోజే అడిగి ఉంటే మా పాపకు ఆ సిగ్గు తప్పేది.

సెలవుల లెక్క కూడా కాస్త వేరు. రాష్ట్ర విద్యా క్యాలెండరులో క్రైస్తవ మైనారిటీ బడులకు దసరా సెలవులు తక్కువగానూ, క్రిస్మస్ సెలవులు ఎక్కువగానూ ఉంటాయి. దసరాకు ఊరు వెళ్లే కుటుంబాలు ముందే చూసుకోవాలి. సంక్రాంతికి ఇబ్బంది లేదు.

డబ్బు విషయంలో ఒక అపోహ తొలగించుకోవాలి. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం ఉచిత సీట్లు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన మైనారిటీ బడులకు వర్తించదు. ఆ చట్టమే వాటికి వర్తించదని సుప్రీంకోర్టు 2014 మే 6న తీర్పు చెప్పింది. కాబట్టి ఆ సీటు కోసం ఎదురుచూసి వేరే బడుల్లో గడువు పోగొట్టుకోవద్దు. అయితే నిజంగా కష్టంలో ఉన్న కుటుంబానికి ఫీజు తగ్గించే అలవాటు చాలామంది సిస్టర్లకు ఉంది. దానికి సిఫారసు కన్నా, ఉన్న పరిస్థితి ఉన్నట్టు చెప్పుకోవడమే పనిచేస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం పిల్లల చదువుకు తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనం పథకం ప్రైవేటు బడుల పిల్లలకూ ఉంది. 15,000 రూపాయల్లో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి, బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలి. ఫీజు అడిగేటప్పుడు టర్ము ఫీజు ఒక్కటే కాకుండా పుస్తకాలు, యూనిఫారం, బూట్లు, బస్సు, వార్షికోత్సవం అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో చెప్పమనండి, కట్టిన ప్రతి పైసాకు రసీదు తీసుకోండి.

చేరిక రోజు కావలసినవి జనన ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు, ఇదివరకు వేరే బడిలో చదివి ఉంటే టీసీ. కతోలిక కుటుంబాలను జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రం, విచారణ గురువు ఉత్తరం కూడా అడగవచ్చు. దరఖాస్తులో ఇంటిపేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ, కులం మీరే దగ్గరుండి రాయాలి, ఆటో డ్రైవరుకో తెలిసినవారికో అప్పగించవద్దు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వస్తాయి. తమ చేతిలో ఉన్న పత్రంలో ఏముందో అదే రిజిస్టరులో ఎక్కేలా వారు మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

దారి సంగతి వేసవిలో తెలియదు. బడులు జూన్ 12న తెరుస్తారు, ఆ వెంటనే వానలు. కాలువ గట్టు మీద బస్సు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఆటోలో ఎందరిని ఎక్కిస్తున్నారో ఒకసారి వెనకాలే బండి మీద వెళ్లి చూడండి. లంక గ్రామాలవారు ఇంకొకటి అడగాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజుల్లో మా పిల్లలు రాలేకపోతే హాజరు, పరీక్షల విషయంలో బడి ఏం చేస్తుంది? ఏటా వచ్చే వరదే కాబట్టి బడివారికి ఈ ప్రశ్న వింతగా ఉండదు.

చేర్చిన తర్వాత మొదటి నెలలో ఒకసారి పుస్తకాల సంచిని కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూయించండి. 2020 నాటి బడి సంచి విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలి, రెండో తరగతి వరకు ఇంటిపని ఉండకూడదు. మా చిన్నవాడి సంచి మూడున్నర కిలోలు తూగింది. ముగ్గురు తల్లులం కలిసి ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లి చెబితే, వారం తిరిగేసరికి వర్కుబుక్కులు బడిలోనే ఉంచడం మొదలుపెట్టారు.

ఫిర్యాదుకు ఒక వరస ఉంది, దానిని తప్పవద్దు. ముందు క్లాసు టీచరు, తర్వాత ప్రధానోపాధ్యాయిని, ఆ తర్వాత కరస్పాండెంట్ (యాజమాన్యం తరఫున బడి బాధ్యత చూసేవారు). అక్కడా తేలకపోతే సిస్టర్ల సభకు ఆ ప్రాంతంలో పెద్దగా ఉండే ప్రొవిన్షియల్‌కు గానీ, మేత్రాసనం బడి అయితే బిషప్ కార్యాలయానికి గానీ ఉత్తరం రాయవచ్చు. మండల విద్యాధికారి ఎలాగూ ఉన్నారు. బిడ్డను కొట్టిన సందర్భంలో మాత్రం ఈ వరస కోసం ఆగకుండా ఆ రోజే ప్రధానోపాధ్యాయినికి రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. ప్రమాదం అనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడినందుకు బయట నిలబెట్టడం వంటివి కూడా శిక్షలేనని గట్టిగా చెప్పాలి. మా అమ్మాయికి ఒకసారి అలా జరిగింది, చెప్పిన మీదట మళ్లీ జరగలేదు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. సిస్టర్లకు, ఫాదర్లకు కొన్నేళ్లకొకసారి బదిలీలుంటాయి. నాలుగేళ్లు మిమ్మల్ని పేరుపెట్టి పలకరించిన సిస్టర్‌గారు జూన్‌లో బడి తెరిచేసరికి మరొక జిల్లాలో ఉండవచ్చు, ఆవిడ నోటిమాటగా ఇచ్చిన ఫీజు రాయితీ కొత్తగా వచ్చినవారికి తెలియకపోవచ్చు. అందుకే ఏ ఒప్పుదలైనా డైరీలోనో రసీదు మీదనో రాయించుకోవాలి. ఏళ్ల తరబడి అక్కడే ఉండే స్థానిక ఉపాధ్యాయులతోనూ, ఆయాతోనూ మంచిగా ఉండాలి. మధ్యాహ్నం క్యారియరు తిన్నదీ లేనిదీ నిజంగా తెలిసేది ఆయాకే.

అయిదో తరగతి చివర, బడి అక్కడితో ఆగిపోయేదైతే, ఆరో తరగతి ఎక్కడన్నది సంక్రాంతి లోపే నిర్ణయించుకోండి. టీసీ చేతికి వచ్చినప్పుడు దానిని మడిచి సంచిలో పెట్టేయకుండా, కార్యాలయంలోనే నిలబడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, కులం, పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) ఒక్కొక్కటే చూసుకుని, పత్రాల్లో ఉన్నవాటిని జనన ధ్రువపత్రంతో, ఆధార్‌తో పోల్చి చూసుకోండి. రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉండగా దిద్దించుకోవడం పది నిమిషాల పని. అదే పదో తరగతిలో అయితే కార్యాలయాల చుట్టూ నెలల తరబడి తిరగవలసి వస్తుంది.