ఓడ నిర్మాణ పాఠాలు – 4: ఎత్తును మోసే వెడల్పు

ఓడ ఎందుకు తేలుతుందో గత పాఠంలో లెక్కగట్టాము. అయితే తేలడం వేరు, నిటారుగా తేలడం వేరు. 2024 జనవరిలో ప్రయాణికులతో బయలుదేరిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' అనే విహార నౌకకు 365 మీటర్ల పొడవు, 20 అంతస్తులు ఉన్నాయి కాని, నీటిలో మునిగేది తొమ్మిది మీటర్లకు కొంచెం ఎక్కువ మాత్రమే. ఇంత ఎత్తు ఎట్లా నిలుస్తుంది?

అడుగున బరువు ఉండడం వల్లనే అని చాలామంది అనుకుంటారు. అది సగం జవాబు. ఇంత పెద్ద విహార నౌకలో, బరువు కిందికి లాగే గురుత్వ కేంద్రం, నీరు పైకి నెట్టే ఉత్ప్లవన కేంద్రం కంటే ఎంతో పైన ఉంటుంది, అయినా ఓడ పడిపోదు. ఓడ కొద్దిగా ఒరిగినప్పుడు మునిగిన భాగం ఆకారం మారి, ఉత్ప్లవన కేంద్రం ఒరిగిన వైపుకు జరుగుతుంది. అక్కడి నుండి నిట్టనిలువుగా పైకి గీసిన గీత ఓడ మధ్యరేఖను తాకే బిందువును మెటాసెంటర్ అంటారు. గురుత్వ కేంద్రం దీనికంటే కింద ఉన్నంతవరకు ఓడ తిరిగి లేస్తుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఓడను దీర్ఘచతురస్రాకారపు పెట్టె అనుకుంటే, ఉత్ప్లవన కేంద్రం నుండి మెటాసెంటర్ ఎత్తు తెలియడానికి వెడల్పు వర్గాన్ని, మునిగిన లోతుకు 12 రెట్లతో భాగించాలి. వెడల్పు 48, లోతు 9 మీటర్లయితే 2304ను 108తో భాగించగా 21.3 మీటర్లు వస్తుంది. ఉత్ప్లవన కేంద్రం అడుగు నుండి లోతులో సగం, అంటే 4.5 మీటర్లలో ఉంటుంది కనుక, మెటాసెంటర్ అడుగు నుండి 25.8 మీటర్ల ఎత్తున ఉన్నట్లు. వెడల్పును 40కి తగ్గించి చూడండి: అది 19.3కు దిగుతుంది. ఎనిమిది మీటర్ల వెడల్పు పోతే ఆరున్నర మీటర్ల ఎత్తు పోయింది. లెక్కలో వెడల్పు వర్గంగా ఉండడమే ఇందుకు కారణం. ఈ ఒక్క సంగతి పట్టుబడితే విహార నౌకల ఆకారం సగం అర్థమైనట్లే. అసలు ఓడ ముందు, వెనుక సన్నబడుతుంది కాబట్టి నిజమైన విలువ కొంత తక్కువ ఉంటుంది.

రెండవ ఉపాయం పైబరువు తగ్గించడం. మన ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడినట్లే, అనేక విహార నౌకల పై అంతస్తులను ఉక్కుకు బదులు అల్యూమినియంతో కడతారు. కాకతీయుల కాలపు ఆ నేర్పును ఎంతో గౌరవంతో గుర్తు చేసుకుంటున్నాను.

అయితే మెటాసెంటర్ మరీ ఎత్తున ఉన్నా ఇబ్బందే. ఒక ఊపు పూర్తయ్యే సెకన్లు తెలియాలంటే, వెడల్పును 0.8తో గుణించి, గురుత్వ కేంద్రానికీ మెటాసెంటర్‌కూ మధ్య దూరపు వర్గమూలంతో భాగించాలి. 48 మీటర్ల ఓడకు ఆ దూరం 4 మీటర్లయితే ఊపుకు 19 సెకన్లు పడుతుంది. 9 మీటర్లయితే దాదాపు 13 సెకన్లే. ఊపు వేగం పెరిగితే కుదుపు ఎక్కువై, ప్రయాణికులకు వాంతులు తప్పవు.

అభ్యాసం: వెడల్పు 48గానే ఉంచి, లోతును 12 మీటర్లకు పెంచి అడుగు నుండి మెటాసెంటర్ ఎత్తు కనుక్కోండి. 22 మీటర్లు రావాలి. లోతు పెరిగినా అది ఎందుకు దిగిందో రెండు వాక్యాలలో రాసి, తరువాతే అయిదవ పాఠానికి వెళ్ళండి.