టెరియాకి చికెన్ నూడుల్స్: సాస్ మాడితే, అంటకపోతే, నూడుల్స్ ముద్దయితే

జపాన్‌లో టెరియాకి చికెన్‌ని (సోయా సాస్, పంచదారతో చేసిన తియ్యటి సాస్ పట్టించి కాల్చిన చికెన్) ఎక్కువగా అన్నంతో వడ్డిస్తారు. నూడుల్స్‌తో చేసినప్పుడు చాలా తేడాలు ఒక్కచోటే మొదలవుతాయి. చికెన్‌కి పట్టే సాస్ చిక్కగా ఉండాలి, నూడుల్స్‌లో కలిపేది పల్చగా ఉండాలి. రెండూ కలిపి ఒకే బాండీలో ఒకేసారి పోస్తే ఏదో ఒకటి చెడుతుంది. అందుకే సాస్ కలపగానే మూడో వంతు నూడుల్స్ కోసం తీసి పక్కన పెట్టేయండి.

ముగ్గురికి కొలతలు: లెగ్ బోన్‌లెస్ చికెన్ 500 గ్రాములు, ఎండు నూడుల్స్ 200 గ్రాములు. సాస్‌కి సోయా సాస్, మిరిన్ (వంటలో వాడే తియ్యటి జపనీస్ రైస్ వైన్), సాకే (బియ్యంతో చేసే జపనీస్ మద్యం) ఒక్కొక్కటి 4 టేబుల్ స్పూన్లు, పంచదార 2 టేబుల్ స్పూన్లు. మిరిన్, సాకే దొరక్కపోతే ఆ రెండింటి బదులు 8 టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి, పంచదార మొత్తం 4 టేబుల్ స్పూన్లు చేయండి. వాటి బదులు వెనిగర్ మాత్రం పోయకండి. సాస్ మరిగి చిక్కబడ్డాక ఆ పులుపే పైకి తేలుతుంది.

సాస్ మాడి చేదెక్కింది, చికెన్ లోపల పచ్చిగానే ఉంది

సాస్‌లో నానబెట్టిన ముక్కల్ని అలాగే పెనం మీద వేస్తే జరిగేది ఇదే. చికెన్‌కి రంగు రావాలంటే పెనం బాగా కాలాలి. అంత వేడికి పంచదార నిమిషాల్లో నల్లబడుతుంది, లోపలి మాంసానికి మాత్రం ఇంకా వేడి తగలనే తగలదు.

టెరియాకికి నానబెట్టడం అక్కర్లేదు. ముక్కల్ని టిష్యూతో పొడిగా తుడిచి, స్పూన్ నూనెలో మీడియం మంట మీద ఒకవైపు 5 నిమిషాలు, తిప్పి 3, 4 నిమిషాలు కాల్చండి. స్కిన్‌తో ఉన్న ముక్కలైతే స్కిన్ వైపు ముందు కింద పెట్టి మరో 2 నిమిషాలు ఎక్కువ ఉంచండి. మందంగా ఉన్నచోట థర్మామీటర్ 74 డిగ్రీలు చూపించాలి. అది లేకపోతే చాకుతో కోసి చూడండి: గులాబీ రంగు కనిపించకూడదు, కారే రసం తేటగా ఉండాలి. సాస్ పోయాల్సింది ఆ తర్వాతే. అల్లం తురుము వేయాలనుకుంటే సాస్‌లోనే కలపండి, నూనెలో వేస్తే ముందు అదే మాడుతుంది. ఒకసారి మాడిన సాస్‌ని నీళ్లు పోసి బాగుచేయలేం. పారబోసి, పెనం తుడిచి, కొత్తది కలుపుకోవడమే.

చికెన్ ఎర్రబడలేదు, ఉడికించినట్టు తెల్లగా ఉంది

ముక్కల్లో తడి ఉంది, లేదా బాండీ కిక్కిరిసిపోయింది. రెండు విడతలుగా కాల్చండి. ఫ్రీజర్‌లో ఉన్న చికెన్‌ని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి పూర్తిగా కరగనివ్వాలి.

సాస్ ముక్కకి పట్టకుండా జారిపోతోంది, మెరుపు లేదు

చికెన్ వదిలిన కొవ్వు పెనంలోనే ఉంటే సాస్ దానిమీద విడివిడిగా తేలుతుంది. ముక్కలు కాలాక కొవ్వు వంచేసి, టిష్యూతో అద్దండి. అడుగున అంటిన గోధుమరంగు పొరని గీకేయకండి, రుచంతా అందులోనే ఉంది.

రెండో కారణం సాస్ సరిగా మరగకపోవడం. పోసినప్పుడు బుడగలు చిన్నగా, నురుగులా ఉంటాయి. నీరు ఇంకేకొద్దీ అవి పెద్దవై, నెమ్మదిగా, జిగటగా పేలతాయి. గరిటెతో అడుగున గీత గీస్తే అది ఒక క్షణం నిలిచి మూసుకోవాలి. అప్పుడే స్టవ్ ఆపేయండి, తీగపాకం దాకా పోనివ్వద్దు. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది. మరీ బంకగా అయిపోతే ఒక టేబుల్ స్పూన్ వేడినీళ్లు పోసి సిమ్‌లో కలిపితే సరిపోతుంది.

చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ కలిపేవాళ్లున్నారు. చిక్కబడుతుంది కానీ టెరియాకికి అది అక్కర్లేదు. మరిగించి చిక్కబరచడమే మేలు.

ఉప్పు కషాయంలా ఉంది

చికెన్‌కి ఉప్పు, నూడుల్స్ నీళ్లలో ఉప్పు, పైన సోయా సాస్: మూడూ కలిశాయి. సాస్ మరిగేటప్పుడు నీరు పోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. అందువల్ల ఆరంభంలో సరిగ్గా ఉన్నట్టనిపించినా చివరికి ఎక్కువవుతుంది. సోయా సాస్ తప్ప ఇంకెక్కడా ఉప్పు వేయకండి. డార్క్ సోయా సాస్ ముఖ్యంగా రంగు కోసం చేసింది, దాన్ని ఇదే కొలతకి పోయకూడదు. సహజంగా పులియబెట్టిన జపనీస్ సోయా సాస్ తీసుకోండి. ఇప్పటికే ఉప్పెక్కువైతే, ఉప్పు వేయకుండా ఉడికించిన నూడుల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ కలిపితే సర్దుకుంటుంది.

నూడుల్స్ ముద్దకట్టాయి, లేదా సాస్ పీల్చేసి పొడిబారాయి

ఉడోన్ (లావుగా ఉండే జపనీస్ గోధుమ నూడుల్స్) అయినా, హక్కా నూడుల్స్ అయినా ప్యాకెట్ మీద రాసినదానికంటే నిమిషం ముందే దించండి. మిగతాది బాండీలో ఉడుకుతుంది. వెంటనే చల్లటి నీళ్ల కింద చేత్తో రుద్ది కడిగితే పైనున్న గంజి పోతుంది, ఈ గంజే అతుక్కోవడానికి మూలం. నీళ్లు పూర్తిగా వంచి, టీస్పూన్ నూనె కలపండి. నూడుల్స్ ఉడికించిన నీళ్లు మాత్రం, కడగకముందే, అరకప్పు తీసి ఉంచుకోండి.

తర్వాత వేడి బాండీలో నూడుల్స్, పక్కన పెట్టిన మూడో వంతు సాస్, 2 టేబుల్ స్పూన్ల ఉడికించిన నీళ్లు వేసి హై ఫ్లేమ్ మీద నిమిషం, నిమిషంన్నర కలిపి దించేయండి. చికెన్‌ని ముక్కలు కోసి పైన పెట్టి, దానికి పట్టిన చిక్కటి సాస్‌ని అలాగే ఉంచండి. ఉల్లికాడలు, వేయించిన నువ్వులు వడ్డించేటప్పుడు చల్లండి.

మిగిలినవి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, చికెన్ ఒక డబ్బాలో, నూడుల్స్ ఒక డబ్బాలో. మర్నాడు నూడుల్స్ మీద 2 టేబుల్ స్పూన్ల నీళ్లు చిలకరించి, మూతపెట్టి సిమ్‌లో వేడి చేస్తే విడిపోతాయి. చికెన్‌ని విడిగా, పొగలు వచ్చేదాకా వేడి చేయండి.