తలలో పొట్టు, దురద: నూనె పెట్టే ముందు చూసుకోవలసినవి

తల దురద పెట్టి భుజాల మీద తెల్లటి పొట్టు కనబడగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనే మొదటి మాట, "మాడు ఎండిపోయింది, నూనె పెట్టుకో" అని. కొందరి విషయంలో అది సరైన సలహాయే. కానీ చాలామందిలో పొట్టుకు కారణం జిడ్డే గానీ పొడిదనం కాదు. ఒకదానికి మేలు చేసేది రెండోదానికి కీడు చేస్తుంది కనుక, నూనె సీసా మూత తీయకముందే రాలుతున్న పొట్టు ఎటువంటిదో తెలుసుకోవాలి. తలస్నానం చేసి రెండు రోజులైన తరువాత, నూనె రాయని తలలో పాపిడి తీసి, పగటి వెలుతురులో చర్మాన్ని చూడండి. దువ్వెనతో కొంచెం పొట్టును నల్లని గుడ్డ మీదికి రాల్చి వేళ్ళ మధ్య నలిపి చూడండి.

పొట్టు సన్నగా, పొడిగా ఉంది. కాళ్ళూ చేతులూ కూడా తెల్లగా పగులుతున్నాయి

ఇది నిజంగా పొడిబారిన చర్మం. చలికాలపు గాలి, బాగా వేడి నీళ్ళు, రోజూ షాంపూ, చిక్కగా తీసిన కుంకుడు రసం, ఇవన్నీ చర్మం మీది సహజమైన నూనెను కడిగివేస్తాయి. గోరువెచ్చని నీళ్ళతో వారానికి రెండుసార్లు, ఘాటు తక్కువగా ఉన్న షాంపూతోనో పలచని కుంకుడు రసంతోనో తలస్నానం చేస్తే చాలు. స్నానానికి గంట ముందు కొబ్బరినూనె రాసుకోవడం ఇక్కడ పనికివస్తుంది. రెండు మూడు వారాలలో తేడా కనిపించాలి.

తల ఆరగానే తెల్లటి పొడి రాలుతుంది, దురద మాత్రం పెద్దగా లేదు

ఒంటి సబ్బుతోనే తల కూడా రుద్దుకునేవారిలో, ముఖ్యంగా బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇది కనిపిస్తుంది. ఉప్పదనమున్న ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి వెంట్రుకలకు అంటుకుంటాయి. సబ్బు మానివేసి షాంపూ వాడితే సరిపోతుంది.

పొట్టు పసుపు ఛాయలో, జిడ్డుగా ఉంది. నూనె పెట్టిన కొద్దీ పెరుగుతోంది

చుండ్రు అంటే ఇదే. కనుబొమ్మల్లో, ముక్కు పక్క మడతల్లో, చెవుల వెనుక కూడా ఎర్రబడి పొలుసులు లేస్తుంటే దానినే వైద్యులు సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. మలసీజియా అనే శిలీంధ్రం దాదాపు ప్రతి ఒక్కరి తల మీదా ఉంటుంది. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను అది స్వయంగా తయారు చేసుకోలేదు. మన చర్మం నుంచి ఊరే జిడ్డును విడగొట్టుకుని బతుకుతుంది. అప్పుడు మిగిలే ఒలియిక్ ఆమ్లాన్ని తట్టుకోలేని చర్మం ఎర్రబడి, దురద పెట్టి, పైపొరను తొందర తొందరగా వదిలించుకుంటుంది. చుండ్రు మురికి వల్ల వచ్చేది కాదు, ఒకరి దువ్వెన నుంచి మరొకరికి అంటేదీ కాదు. నల్ల చొక్కా వేసుకోవడానికి కూడా సిగ్గుపడే యువతీయువకులకు ఈ మాట ఎవరైనా ముందుగా చెప్పవలసి ఉంటుంది.

ఇటువంటి తలకు రాత్రంతా నూనె పెట్టి ఉంచడం ఆ శిలీంధ్రానికి మేత వేయడమే. అట్టకట్టిన పొలుసులు మెత్తబడడానికి స్నానానికి ముందు కాసేపు రాసి, పూర్తిగా కడిగివేస్తే ఇబ్బంది లేదు. నిమ్మరసం రుద్దడం మాత్రం వద్దు. గోకి పుండైన చోట అది మంట పెంచుతుంది.

అసలు మందు 2 శాతం కెటోకొనజోల్ షాంపూ. వారానికి రెండుసార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు వాడాలి. ఎక్కువమంది పొరపాటు చేసేది వాడే తీరులోనే: నురుగు రాగానే కడిగివేస్తారు. మందు వెంట్రుకలకు కాక చర్మానికి తగిలేలా పాయలు విడదీసి రాసి, 3 నుంచి 5 నిమిషాలు ఉంచి, ఆ తరువాతే కడగాలి. తగ్గాక కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉండాలి, ఎందుకంటే చుండ్రు అదుపులో ఉంటుందే తప్ప శాశ్వతంగా పోయేది కాదు. సెలీనియం సల్ఫైడ్, జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూలు కూడా పనిచేస్తాయి. అయితే 2022 మార్చి నుంచి ఐరోపా సమాఖ్య సౌందర్య సాధనాలలో జింక్ పైరిథియోన్‌ను నిషేధించింది కనుక, జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉంటున్నవారు ఇక్కడ వాడిన షాంపూ పేరు చూసి అక్కడ కొనకుండా, సీసా వెనుక ఏ మందు రాసి ఉందో చదువుకోవాలి.

పొలుసులు మందంగా, వెండి రంగులో ఉండి, నుదుటి అంచు దాటి వస్తున్నాయి

మోచేతులు, మోకాళ్ళ మీద కూడా అటువంటి మచ్చలు, గోళ్ళ మీద చిన్న చిన్న గుంటలు ఉంటే సోరియాసిస్ అని అనుమానించాలి. ఇది అంటువ్యాధి కాదు. గోకి ఊడబెరికితే గాయమైన చోటే మళ్ళీ లేస్తుంది. కోల్ తార్, సాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూలు పొలుసులను వదులు చేస్తాయి గానీ, స్టెరాయిడ్ లోషన్ ఎంత, ఎన్నాళ్ళు వాడాలో చర్మవైద్యులే నిర్ణయించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలగలుపు క్రీములు ఇక్కడ చాలా చేటు చేస్తాయి.

జుట్టుకు రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకు దురద, వాపు మొదలైంది

రంగులోని పారాఫినైలిన్‌డయామిన్ పడకపోవడం దీనికి సాధారణ కారణం. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడుల్లోనూ ఇది తరచుగా ఉంటుంది. ఒకసారి పడలేదంటే ఇక ఎప్పటికీ పడదనే అనుకోవాలి. కనురెప్పలు వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పిల్లల తలలో దురద

వెంట్రుకను పట్టుకుని లాగినా జారకుండా అంటుకుని ఉండే తెల్లటి గింజలు పొట్టు కాదు, ఈపులు. పేల మందు పెట్టి, సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి తీయాలి. పొలుసులతో పాటు జుట్టు విరిగి, గుండ్రంగా ఊడి, ఆ చోట నల్లటి చుక్కలు మిగిలితే అది తలకు పట్టిన తామర. పేనుకొరుకుడులో ఊడిన చోట నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. తామరలో గరుకుగా ఉంటుంది. తామర శిలీంధ్రం వెంట్రుక లోపలికే చేరుతుంది కనుక పైపూతలు చాలవు, వైద్యులు రాసిచ్చే మాత్రలు కొన్ని వారాలు వేయాలి. ఆలస్యమైతే కొన్నిచోట్ల జుట్టు మళ్ళీ మొలవకపోవచ్చు. ఆ రోజుల్లో బిడ్డ దువ్వెన, తువ్వాలు, తలగడ గలీబు విడిగా ఉంచి, ఇంట్లోని మిగతా పిల్లల తలలు కూడా పాపిడి తీసి చూడండి.