చలికాలంలో చెక్ రాజధాని ప్రాగ్ వెళ్లే జంటలకు జాగ్రత్తలు

వీసా రాకుండా రీఫండ్ లేని టికెట్లు కొనకండి. భారత పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడి వీసా) తప్పనిసరి, అది ఆలస్యమైతే ఇద్దరి డబ్బూ పోతుంది. 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. ప్రయాణ బీమా ఒక్కొక్కరికీ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

ప్రాగ్ కోటకు పొద్దున్నే వెళ్లండి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, లోపలి భవనాలూ అప్పటికే మూసేస్తారు. చార్లెస్ వంతెనను మాత్రం దీపాలు వెలిగాకే చూడండి, చాలా బాగుంటుంది.

పట్టు ఉన్న బూట్లే వేసుకోండి. పాత వీధుల్లో పరిచిన రాళ్లు మంచుకు జారుతాయి.

అక్కడ చెల్లే కరెన్సీ కోరునా. ఏటీఎం రూపాయల్లో లెక్క చూపిస్తే వద్దనండి, ఆ రేటు నష్టం.

మెట్రో కాగితం టికెట్‌కు పసుపు మెషీన్‌లో ముద్ర వేయించండి, లేకపోతే జరిమానా.