గ్యాస్ట్రిన్, పెప్సినోజెన్ రక్తపరీక్ష: చేయించుకోవడం, చదవడం ఎలా?

జీర్ణాశయం లోపలి పొర పలచబడి గ్రంథులు క్షీణించాయా లేదా అన్నది, ఎండోస్కోపీకి ముందే, రక్తంలో గ్యాస్ట్రిన్ హార్మోనునూ, పెప్సిన్ ఎంజైముకు ముందు రూపాలైన పెప్సినోజెన్ 1, 2లనూ కొలిచి కొంతవరకు అంచనా వేయవచ్చు.

తిండి తినగానే గ్యాస్ట్రిన్ పెరుగుతుంది కాబట్టి రాత్రంతా ఏమీ తినకుండా, పరగడుపున రక్తం ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యమైనది గ్యాస్ మాత్రల సంగతి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే దానిని పెంచడానికి శరీరం మరింత గ్యాస్ట్రిన్‌ను వదులుతుంది. మన ఇళ్లలో ఏళ్ల తరబడి చీటీ లేకుండానే మింగే ఈ మాత్రల సంగతి చెప్పకపోతే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. సాధారణంగా వాటిని వారం, రెండు వారాల ముందు ఆపమంటారు గానీ, లోగడ పుండు నుంచి రక్తస్రావం జరిగినవారు సొంతంగా ఆపడం ప్రమాదకరం. గ్యాస్ట్రిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక, నమూనాను వేరే ఊరికి పంపే కేంద్రమైతే, సీరమ్‌ను (రక్తంలోని ద్రవభాగాన్ని) వెంటనే వేరుచేసి, మంచులా ఘనీభవింపజేసి (ఫ్రీజ్ చేసి) పంపుతారా అని అడగండి.

పెప్సినోజెన్ 1 జీర్ణాశయం నడిమి, పై భాగాల నుంచీ, పెప్సినోజెన్ 2 దాదాపు జీర్ణాశయమంతటి నుంచీ వస్తాయి. అందువల్ల నడిమి భాగం క్షీణిస్తే మొదటిది పడిపోయి, రెండింటి నిష్పత్తి (1ని 2తో భాగించగా వచ్చేది) తగ్గుతుంది. జపాన్‌లో విస్తృతంగా వాడిన హద్దు: పెప్సినోజెన్ 1 మిల్లీలీటరుకు 70 నానోగ్రాములు లేదా తక్కువ, దానితోపాటు నిష్పత్తి 3 లేదా తక్కువ. కొలిచే పద్ధతిని బట్టి హద్దులు మారతాయి. జీర్ణాశయంలో చేరే హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్ పెప్సినోజెన్ 2ను పెంచుతుంది, చికిత్స తరువాత అంకెలు మళ్లీ మారతాయి. కాబట్టి చికిత్సకు ముందు, తరువాత రిపోర్టులను ఒకే కొలమానంతో చూడకూడదు.

గ్యాస్ట్రిన్‌ను ఒంటరిగా చదివితే ఏమీ తేలదు. పెప్సినోజెన్ 1 తగ్గి గ్యాస్ట్రిన్ బాగా పెరిగితే, నడిమి భాగం క్షీణించి, గ్యాస్ట్రిన్‌ను వదిలే కింది భాగం బాగున్నట్టు అనుమానించాలి. రోగనిరోధక శక్తి సొంత కణాలపైనే దాడి చేసే రకంలో ఇలా జరుగుతుంది, బి12 కూడా లోపిస్తుంది. (శాకాహారుల్లో బి12 ఆహారం వల్లే తగ్గి ఉంటే పెప్సినోజెన్ 1, గ్యాస్ట్రిన్ రెండూ మామూలుగానే ఉంటాయి.) గ్యాస్ట్రిన్ మిల్లీలీటరుకు 1,000 పికోగ్రాములు దాటినా, జీర్ణాశయంలో ఆమ్లం లేకపోతే కారణం క్షీణతే కావచ్చు, ఆమ్లం గాఢంగా ఉంటేనే గ్యాస్ట్రిన్ స్రవించే కణితి, అంటే జోలింజర్-ఎల్లిసన్ వ్యాధి, గురించి ఆలోచిస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనూ ఈ అంకెలు పెరుగుతాయి.

ఇది క్యాన్సర్ పరీక్ష కాదు. కొన్ని రకాల క్యాన్సర్లు అంకెలు మామూలుగా ఉన్నప్పుడే వస్తాయి. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగడంలో ఇబ్బంది, కారణం తెలియకుండా బరువు తగ్గడం ఉంటే రిపోర్టు ఎలా ఉన్నా ఎండోస్కోపీ తప్పదు. నిష్పత్తి తగ్గినందువల్ల ఎండోస్కోపీకి వెళ్తున్నవారు, నడిమి భాగం నుంచీ కింది భాగం నుంచీ వేర్వేరు సీసాల్లో బయాప్సీ ముక్కలు తీస్తారా అని ముందుగానే అడగడం మంచిది.